సముద్రం అడుగున గాలి లెక్క

నీళ్ళ కింద ఊపిరి పీల్చుకోవడానికి పొడవాటి గొట్టం ఒకటి చాలదా? ఒక కొన నోట్లో, రెండో కొన నీటిపైన ఉంచుకుంటే సరిపోయేదానికి వీపు మీద అంత బరువు సిలిండర్ ఎందుకు? పిల్లలే కాదు, థాయ్‌లాండ్‌కో మాల్దీవులకో వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకుందామనుకునే పెద్దలు కూడా అడిగే ప్రశ్న ఇది. దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడని భారతం చెబుతుంది. ఆ విద్య తెలియనివాళ్ళకి గొట్టం ఒక మీటరు లోతున కూడా అక్కరకు రాదు.

లోపం గొట్టంలో లేదు. నీటికి బరువుంది. మీటరు లోతున ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ దాదాపు 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. ఛాతీ వైశాల్యం వందల చదరపు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం బరువు పదుల కిలోలకు చేరుతుంది. గొట్టంలోంచి వచ్చే గాలి మాత్రం నీటిపైన ఉండే మామూలు ఒత్తిడితోనే వస్తుంది. బయటినుంచి అదిమే బరువును నెట్టుకుంటూ పదేపదే ఛాతీని విప్పడం పక్కటెముకల కండరాల వల్ల కాదు. పైగా గొట్టం పొడవైనకొద్దీ, వదిలిన గాలి బయటికి పోకుండా అందులోనే నిలిచి మళ్ళీ లోపలికే వస్తుంది. స్నార్కెల్ గొట్టాలు మూర పొడవు దాటకపోవడం అందుకే.

అంటే లోతుకు దిగిన మనిషికి గాలి అందితే చాలదు. ఆ లోతులో నీరు ఎంత ఒత్తిడి పెడుతోందో, అంతే ఒత్తిడితో అందాలి. స్కూబా పరికరం చేసే ముఖ్యమైన పని అదే. దానితో ఊపిరాడే చిక్కు తీరుతుంది, కొత్త చిక్కులు కొన్ని పుడతాయి. కోర్సులో గుక్కతిప్పుకోకుండా చెప్పే నియమాల్లో చాలా భాగం ఆ కొత్త చిక్కుల కోసమే.

అడిగినప్పుడే, అడిగినంతే

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, అది మామూలు గాలే. దుమ్మూ తేమా వడగట్టి, కంప్రెసర్‌తో కుక్కిన గాలి. అందులో ఆక్సిజన్ 21 శాతం, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్లకు మించిన లోతులో పీల్చితే అది నాడీమండలం మీద విషంలా పనిచేసి ఫిట్స్ తెప్పించగలదు. డైవింగ్ స్కూళ్ళలో ఎక్కువగా కనిపించే అల్యూమినియం సిలిండర్‌లో నీళ్ళు నింపితే 11 లీటర్లు పడతాయి. 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే 2,200 లీటర్ల దాకా పడుతుంది.

ఇంత ఒత్తిడి నేరుగా నోటికి తగిలితే ప్రమాదం. అందుకని రెగ్యులేటర్ దాన్ని రెండు అంచెల్లో తగ్గిస్తుంది. సిలిండర్ మెడకు బిగించే మొదటి అంచె 200 బార్లను పది బార్ల చుట్టుపక్కలకి దించుతుంది. నోట్లో పెట్టుకునే రెండో అంచెలో పలచని రబ్బరు పొర ఒకటుంది. పొరకు అవతల సముద్రం, ఇవతల మనిషి నోరు. లోపలికి పీల్చగానే ఇవతల ఒత్తిడి తగ్గి పొర లోపలికి వంగుతుంది, వంగి చిన్న మీటను నొక్కుతుంది, మీట గాలి ద్వారాన్ని తెరుస్తుంది. పీల్చడం ఆపగానే పొర వెనక్కి వచ్చి ద్వారం మూసుకుంటుంది. సముద్రమే ఆ పొరను అవతలినుంచి నొక్కుతోంది కాబట్టి, ఏ లోతులో ఉంటే ఆ లోతుకు తగిన ఒత్తిడితోనే గాలి వస్తుంది. డైవర్ ఏ మరనూ తిప్పనక్కర్లేదు.

ఈ ఊహ 19వ శతాబ్దంలోనే వచ్చింది. గనుల ఇంజనీరు బెన్వా రుకేరాల్, నౌకాదళ అధికారి ఒగుస్త్ దెనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు 1860లలో ఇలాంటి యంత్రం చేశారు. అయితే అంత ఒత్తిడిని తట్టుకునే సిలిండర్లు అప్పటికి లేవు. 1943లో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దాన్ని ఒంటరి మనిషి మోసుకెళ్ళగలిగే ఆక్వాలంగ్‌గా మలిచారు. గాన్యాన్ చేతిలో అప్పటికే ఉన్న కవాటం డైవింగ్ కోసం చేసింది కాదు. జర్మన్ ఆక్రమణలో పెట్రోలు దొరక్క ఫ్రెంచివాళ్ళు కార్లను గ్యాస్‌తో నడుపుకుంటున్న రోజులవి. ఇంజనుకు కావలసినంత గ్యాస్‌నే వదిలే కవాటం అది. ఇంజను స్థానంలో మనిషి ఊపిరితిత్తులు వచ్చి చేరాయి.

కో తావ్‌లో నేర్చుకోవడం

థాయ్‌లాండ్ సింధుశాఖలో 21 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి కో తావ్. ప్రపంచంలో కొత్త డైవర్లు అత్యధికంగా తయారయ్యే చోట్లలో ఇదొకటి. విమానాశ్రయం లేదు. చుంఫోన్ నుంచో, సమూయి దీవి నుంచో పడవలో చేరాలి. నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. ఒడ్డు దగ్గరే పగడపు దిబ్బలున్నాయి, ప్రవాహాలు సాధారణంగా నెమ్మది. నవంబరు, డిసెంబరుల్లో మాత్రం ఈ వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అదే ఫుకెట్ వైపైతే మే నుంచి అక్టోబరు దాకా రుతుపవనాల కాలం. టికెట్టు కొనేముందు ఏ నెలలో ఏ తీరమో చూసుకోకపోతే, బురదనీళ్ళలో సొంత చేతిని వెతుక్కోవడంతోనే కోర్సు అయిపోతుంది.

మొదటి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది. కొంత పాఠం, కొంత లోతులేని నీళ్ళలో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు. పూర్తయితే 18 మీటర్ల దాకా, తోడు డైవర్‌తో దిగే అర్హత వస్తుంది. ఈత బొత్తిగా రానివాళ్ళకి ఈ కోర్సు కుదరదు. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీటిపై తేలుతూ ఉండాలి. వేగం ఎవరూ చూడరు. ఈత రానివాళ్ళు ఫుకెట్‌లోనో అండమాన్‌లోనో డైవింగ్ చేసివచ్చామని చెబితే, అది శిక్షకుడు పట్టుకుని తిప్పి తెచ్చే పరిచయ డైవ్ అన్నమాట. సరదాకు బాగుంటుంది. నేర్చుకోవడం కిందికి మాత్రం రాదు.

నీళ్ళకన్నా ముందు ఎదురయ్యేది ఆరోగ్య పత్రం. ఉబ్బసం, గుండెజబ్బు, ఫిట్స్, చెవి శస్త్రచికిత్స, ఇటీవలి ఊపిరితిత్తుల జబ్బు వంటివాటి గురించి అందులో అడుగుతారు. కొన్ని ప్రశ్నల్లో ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం కావాలి. దీవిలో దిగాక ఆ సంతకం కోసం తిరిగేకన్నా, పత్రం ముందే తెప్పించుకుని ఊళ్ళో డాక్టరుకు చూపించుకోవడం మేలు. కట్టిన డబ్బు పోతుందని అన్నిటికీ కాదని టిక్కు పెట్టేవాళ్ళున్నారు. ఆ పత్రంలో ఉబ్బసం గురించి ఎందుకు అడుగుతారో కాస్త ముందుకు వెళితే తెలుస్తుంది.

సాధనలో చాలామందిని బెదరగొట్టేది మాస్క్‌లో నీళ్ళు నింపి ఖాళీ చేయడం. రొమ్ము లోతు నీళ్ళలో, ఇసుక మీద మోకాళ్ళూని, మాస్క్ పైఅంచును వేలితో కొద్దిగా ఎత్తి నీళ్ళు రానివ్వమంటారు. ఉప్పునీరు కళ్ళను చురుక్కుమనిపిస్తుంది, ముక్కు దాకా చేరుతుంది. నోట్లోంచి గాలి బాగానే వస్తున్నా, ముక్కుకు నీరు తగలగానే ఒళ్ళంతా పైకి లేవమని తొందరపెడుతుంది. చేయవలసింది అందుకు పూర్తిగా వ్యతిరేకం: కదలకుండా ఉండి, మాస్క్ పైఅంచును నుదుటికి అదిమి, తల కొద్దిగా ఎత్తి, ముక్కుతో నెమ్మదిగా గాలి వదలాలి. గాలి తేలిక కాబట్టి మాస్క్ పైభాగంలో చేరుతుంది, చేరినకొద్దీ నీటిని కింది అంచులోంచి బయటికి తోసేస్తుంది. ఒకటి రెండు ఊపిర్లలో చూపు తిరిగి వస్తుంది. ఇందులో బలంతో పనిలేదు. ముక్కులో నీళ్ళున్నా నోటితో ఊపిరి సాగుతుందని ఒంటికి నమ్మకం కలిగితే చాలు.

నీళ్ళలో మాట పనికిరాదు కనుక సైగలు నేర్పుతారు. బొటనవేలు పైకెత్తడం ఇక్కడ భేష్ అనడానికి కాదు, పైకి వెళదాం అనడానికి. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. తెలుగువాళ్ళు అలవాటుగా అడ్డంగా ఊపే తల కింద ఎవరికీ అర్థం కాదు, పైగా కంగారు పుట్టిస్తుంది.

గాలి నలుగుతుంది, నీరు నలగదు

మనం నేల మీద ఉండగా వాతావరణం ఎంత ఒత్తిడి పెడుతోందో, సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 10 మీటర్ల దగ్గర రెండింతలు, 20 దగ్గర మూడింతలు, 30 దగ్గర నాలుగింతలు. శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, నలగని నీటికి ఈ ఒత్తిడితో పేచీ లేదు. పేచీ అంతా గాలి ఉన్నచోటే: చెవులు, ముఖ ఎముకల్లోని గదులు, ఊపిరితిత్తులు, ముఖానికీ మాస్క్‌కీ మధ్య ఖాళీ. ఒత్తిడి రెండింతలైతే గాలి సగం చోటులోకి కుంచించుకుపోతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. మూత గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ళ సీసాను 10 మీటర్ల లోతుకు తీసుకెళితే అది సగానికి నలిగిపోయి కనిపిస్తుంది. పైకి తెస్తే తిరిగి విప్పుకుంటుంది.

ఈ లెక్కలో ఒక విశేషం ఉంది. 30 మీటర్ల నుంచి 20కి వచ్చినప్పుడు గాలి మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి నీటిపైకి వచ్చినప్పుడు రెండింతలవుతుంది. అంటే పెద్ద మార్పంతా నీటిపైకి దగ్గర్లోనే. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువ అనుకోవడం ఇక్కడ పొరపాటు.

ముందుగా గొడవ చేసేది చెవి. కర్ణభేరి వెనక ఉన్న చిన్న గదిలో గాలి ఉంటుంది. ఆ గదినుంచి గొంతు వెనక్కి సన్నని గొట్టం ఉన్నా అది మామూలుగా మూసుకునే ఉంటుంది. రెండు మూడు మీటర్లు దిగేసరికి కర్ణభేరి లోపలికి నొక్కుకుని నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే గొట్టం తెరుచుకుని, గదిలోకి గాలి చేరి, లోపలా బయటా సమమవుతుంది. విమానం దిగేటప్పుడు చెవులు తెరిపించుకునేదీ ఇలాగే. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, మీటరుకోసారి చేయాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదకూడదు. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం వాచి ఉంటుంది. మాత్ర వేసుకుని దిగితే, నీళ్ళలో ఉండగా మందు బలం తగ్గి, పైకి వచ్చేటప్పుడు పెరిగిన గాలి బయటికి పోయే దారి ఉండకపోవచ్చు. రాత్రంతా ఏసీ బస్సులో ప్రయాణించి జలుబుతో దిగినవాళ్ళు ఒకరోజు ఆగడమే మంచిది.

ఊపిరితిత్తుల సంగతి మరీ గట్టిది. డైవింగ్ పాఠాల్లో మొదటి నియమం, ఏ శిక్షకుడైనా విసుగు లేకుండా వల్లెవేయించేది ఒకటే: ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల దగ్గర సిలిండర్‌లోంచి నిండుగా ఆరు లీటర్లు పీల్చి, బిగబట్టి పైకి వస్తే, నీటిపైకి చేరేసరికి ఆ గాలికి 12 లీటర్ల చోటు కావాలి. ఊపిరితిత్తి అంత సాగదు. గాలి గదులు చిరిగి, బుడగలు రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకు చేరవచ్చు. ఊపిరి నిండుగా ఉన్నప్పుడు ఒకటిన్నర మీటరు పైకి వచ్చినా ఈ ప్రమాదం ఉంది, అంటే ఈతకొలనులో కూడా. ఉబ్బసం గురించి అడిగేది ఇందుకే. సన్నబడిన శ్వాసనాళాల వెనక గాలి చిక్కుకుపోతే, మనిషి బిగబట్టకపోయినా ఊపిరితిత్తిలో ఒక భాగం బిగబట్టినట్టే.

మరి ముత్యాల కోసం మునిగేవాళ్ళు తరతరాలుగా ఊపిరి బిగబట్టే కదా మునిగారు? వాళ్ళు నీటిపైన పీల్చిన గాలినే మోసుకెళతారు. లోతుకు వెళ్ళినకొద్దీ ఆ గాలి కుంచించుకుపోతుంది, తిరిగి వచ్చేసరికి మునుపటి పరిమాణానికి చేరుతుంది, దాన్ని దాటదు. సిలిండర్ డైవర్ లోతులో ఉండగానే నిండుగా పీలుస్తాడు. తేడా అంతా అక్కడే.

సిలిండర్ ఎంతసేపు వస్తుందన్నదీ ఇదే లెక్క. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు ఖర్చు చేస్తాడు. 200 బార్లలో 50 బార్లు అవసరానికి మిగల్చాలి కాబట్టి వాడుకునేది 1,650 లీటర్లు, అంటే 40 నిమిషాల పైచిలుకు. 18 మీటర్ల దగ్గర అదే గాలి అరగంట కూడా రాదు. కంగారుపడి గబగబా పీల్చేవాళ్ళకి ఇంకా ముందే అయిపోతుంది.

తేలకుండా, మునగకుండా

శరీరంలో గాలి ఉంది, వేసుకున్న వెట్‌సూట్ రబ్బరులోనూ సన్నని బుడగలున్నాయి. ఈ రెండూ మనిషిని పైకి తేలుస్తాయి. నడుముకు సీసపు బరువులు కట్టి మునిగితే, దిగినకొద్దీ సూట్‌లోని బుడగలు నలిగి, తేల్చే బలం తగ్గి, మనిషి ఇంకా వేగంగా మునుగుతాడు. దీన్ని సరిచేయడానికి ఒంటికి తొడుక్కునే జాకెట్‌లోకి కొద్దికొద్దిగా గాలి వదులుతారు. పైకి వచ్చేటప్పుడు ఆ గాలే పెరిగి లాక్కుపోతుంది కనుక, వస్తూ వస్తూ దాన్ని తీసేయాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జాకెట్‌లోకి గాలి వదిలే మీట నొక్కగానే ఏమీ జరగలేదని మళ్ళీ నొక్కుతారు, రెండు క్షణాల తరవాత రెండు నొక్కుళ్ళ ఫలితం ఒకేసారి వస్తుంది.

అసలు నేర్పు జాకెట్‌లో లేదు, ఊపిరిలో ఉంది. బరువు సరిగ్గా కుదిరిన డైవర్ నిండుగా పీల్చితే అడుగు పైకి లేస్తాడు, వదిలితే అడుగు దిగుతాడు. పగడాన్ని కాలితో తన్నకుండా దాని మీదుగా సాగిపోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. కొన్నేళ్ళుగా పెరిగిన కొమ్మను కాలికి తొడుక్కునే ఫిన్ దెబ్బ ఒక్కటే విరగ్గొట్టగలదు. తేలడం కుదరనివాళ్ళను దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళని శిక్షకులే మంచి శిక్షకులు.

కంటికి కనిపించేది కూడా కింద మారుతుంది. మాస్క్ అద్దం దగ్గర వెలుగు వంగడంవల్ల చేపలు మూడోవంతు పెద్దవిగా, దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఎర్రరంగు వెలుగును నీరు ముందుగా మింగేస్తుంది కాబట్టి, కొన్ని మీటర్లు దిగితే చాలు, వేలు గీసుకుని రక్తం వచ్చినా అది ఆకుపచ్చగానో నల్లగానో ఉంటుంది.

సోడా సీసాలో బుడగలు

పైకి నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రమ్మంటారు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు. ఊపిరి బిగబట్టని మనిషి గబగబా వస్తే ఏమిటి?

గోలీసోడాను గుర్తుచేసుకుంటే చాలు. సీసాలో గ్యాస్‌ను ఒత్తిడితో నీళ్ళలోకి ఎక్కిస్తారు. గోలీ బిగుసుకుని ఉన్నంతసేపూ ఆ నీరు తేటగా, మామూలు నీరులాగే ఉంటుంది. గోలీని కొట్టగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, కరిగి ఉన్న గ్యాస్ బుసబుసమంటూ బుడగలై బయటపడుతుంది. అదే గోలీని కొంచెం కొంచెంగా వదులు చేస్తే గ్యాస్ పెద్దగా పొంగకుండానే మెల్లగా జారిపోతుంది. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్ళలో అలాగే కరుగుతుంది. ఆక్సిజన్‌ను శరీరం వాడేసుకుంటుంది. నైట్రోజన్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి పేరుకుంటుంది. ఎంత లోతు, ఎంతసేపు అన్నదాన్నిబట్టి ఎంత కరిగిందో తేలుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితిత్తుల గుండానే బయటికి పోతుంది. తొందరపడితే రక్తంలో, కీళ్ళలో బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిర్లు, విపరీతమైన అలసట, ముదిరితే పక్షవాతం. డీకంప్రెషన్ సిక్‌నెస్ అనే ఈ జబ్బును బుడగల జబ్బు అనుకోవచ్చు.

ఈ జబ్బు డైవర్లకన్నా ముందు వంతెనల కూలీలకు బాగా తెలుసు. 1870లలో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదులు తవ్వినవాళ్ళు నది అడుగున, నీరు రాకుండా ఒత్తిడి గాలి నింపిన పెట్టెల్లో పనిచేశారు. పని ముగించి పైకి వచ్చాక ఒళ్ళు మెలితిరిగే నొప్పులు వచ్చేవి, కొందరు చనిపోయారు. చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీనివల్లే మంచం పట్టి, భార్య ఎమిలీ ద్వారా పని నడిపించాడు. కారణం నైట్రోజన్ బుడగలేనని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ తేల్చాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే, పంపుతో గాలి తోడేసిన పాత్రలో ఉంచిన పాము కంటిలో బుడగ కదలడం బాయిల్ చూశాడు కానీ, దానితో ఎవరికీ పని పడలేదు. బ్రిటన్‌కు చెందిన జె. ఎస్. హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతునుంచి ఎక్కడెక్కడ ఆగుతూ రావాలో పట్టికలు వేసి 1908లో ప్రచురించాడు. ఇప్పుడు డైవర్ల మణికట్టు మీద ఉండే కంప్యూటర్ చేసేది అదే లెక్క, క్షణక్షణానికీ. 18 మీటర్ల దగ్గర దాదాపు గంటసేపు ఉన్నా మధ్యలో తప్పనిసరిగా ఆగవలసిన పనిలేదని ఆ లెక్కలు చెబుతాయి. మూడు నిమిషాల ఆగుడు అదనపు జాగ్రత్త.

30 మీటర్ల దరిదాపుల్లో ఇదే నైట్రోజన్ మెదడుకు కల్లు తాగినంత మత్తు తెప్పిస్తుంది. కొత్తవాళ్ళకు 18 మీటర్ల హద్దు పెట్టడంలో ఇదీ ఒక కారణం. కొన్ని మీటర్లు పైకి వస్తే మత్తు దిగిపోతుంది.

డైవ్ తరవాత విమానం

నీటిపైకి వచ్చిన తరవాత కూడా కొంత నైట్రోజన్ ఒంట్లోనే ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ అది గంటల తరబడి మెల్లగా పోతూ ఉంటుంది, బాధ పెట్టదు. ఈలోగా విమానం ఎక్కితే కథ వేరు. విమానం లోపలి ఒత్తిడిని సముద్రమట్టంతో సమానంగా ఉంచరు. 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉండేంతే ఉంచుతారు. నేల మీద బుడగ కట్టని నైట్రోజన్ అక్కడ కట్టవచ్చు. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు చొప్పున కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దంటారు. చాలా స్కూళ్ళు 24 గంటలు చెబుతాయి, అదే మంచిది.

సెలవు పెట్టుకుని వెళ్ళేవాళ్ళ ప్రయాణ పట్టికను ఈ గంటలే నిర్ణయించాలి. బ్యాంకాక్‌లో దేవాలయాలు, బజార్లు ముందు చూసి, డైవింగ్‌ను చివరికి పెట్టుకుని, ఆఖరి డైవ్ ముగిసిన సాయంత్రమే సమూయిలో విమానం ఎక్కి హైదరాబాద్ దారి పట్టడం అన్నిటికన్నా చెడ్డ వరస. దీవిని ముందు పెట్టుకుని, పడవలో, రైల్లో తిరిగివచ్చి, మిగతా రోజులు బ్యాంకాక్‌కు వదలాలి. విమానం దిగి డైవ్ చేయడంలో బుడగల భయం లేదు, నిద్రలేమి తప్ప. కొండలకూ ఇదే నియమం. 2,565 మీటర్ల దోయ్ ఇంతనాన్ శిఖరానికి కారులో వెళ్ళినా, ఒంటికి తెలిసేది తగ్గిన ఒత్తిడే.

డైవ్ చేసిన రోజు రాత్రి మోచేతిలోనో భుజంలోనో తగ్గని నొప్పి, చేతుల్లో తిమ్మిరి కనిపిస్తే సిలిండర్ మోసినందుకని సర్దిచెప్పుకోకూడదు. ఆక్సిజన్ పట్టి, ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ గదిలో మనిషిని తిరిగి లోతులో ఉన్నంత ఒత్తిడికి తీసుకెళ్ళి, గంటల తరబడి మెల్లగా దించుతారు. ఈ చికిత్స ఖర్చు లక్షల్లోకి పోవచ్చు. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, వర్తించినా లోతు హద్దు ఉంటుంది. బయల్దేరేముందు పాలసీలో ఆ ముక్క చదువుకోవాలి.

కోర్సు ముగిశాక ఇచ్చే కార్డుకు గడువు లేదు. కో తావ్‌లో తీసుకున్న కార్డు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ, విశాఖ తీరంలోనూ, ఈజిప్టు ఎర్రసముద్రంలోనూ చెల్లుతుంది. అలవాటు తప్పితే చేతులు మర్చిపోతాయి కాబట్టి, చాలాకాలం విరామం తరవాత దిగేవాళ్ళను శిక్షకులు మళ్ళీ రొమ్ము లోతు నీళ్ళలో కూర్చోబెట్టి, మాస్క్‌లో నీళ్ళు నింపమంటారు.